ముప్పై కిలోల సీసం, అర సెకను తేడా

గత వేసవిలో మా మేనల్లుడు రాత్రి భోజనం మానేశాడు. పదిహేడేళ్ల కుర్రాడు, ఆటల్లో తిరిగేవాడు, ఉన్నట్టుండి కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోతున్నాడని అక్క కంగారుపడి నాకు ఫోన్ చేసింది. నేను వెళ్లి మెల్లగా అడిగితే వాడు చెప్పిన సమాధానం నన్ను నిలువునా కదిలించింది. "మావయ్యా, బోర్డు మీద మొదటి ఐదు పేర్లూ నాకన్నా సన్నగా ఉన్నవాళ్లవే. ఇంకో నాలుగు కిలోలు తగ్గితే నేనూ అక్కడ ఉంటాను" అన్నాడు. ఆ బోర్డు మేమిద్దరం నెలకోసారి వెళ్లే కార్టింగ్ (నేలకు ఆనుకుని పరుగెత్తే చిన్న రేసు బండ్ల) ట్రాక్‌లో ల్యాప్ సమయాలు, అంటే ఒక్కో చుట్టుకు పట్టిన సమయాలు చూపించే తెర. వాడికి ఆ అలవాటు చేసింది నేనే కనుక, వాడి లెక్క నిజమో కాదో తేల్చవలసిన బాధ్యత కూడా నాదేనని ఆ రోజే అనుకున్నాను.

మాది ఒడిశాలోని బరంపురం. ఇక్కడి తెలుగు కుటుంబాలకు పెళ్లిళ్లయినా వైద్యమైనా విశాఖపట్నంతో రాకపోకలు ఎక్కువ కాబట్టి, కార్టింగ్‌కు కూడా మేము అటే వెళ్తాము. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి, ఇచ్ఛాపురం దాటేటప్పటికి తూరుపు ఎర్రబడుతుంటే, పలాసలో టిఫిను చేసి ఎండ ముదరకముందే ట్రాక్ చేరుకోవడం మా పద్ధతి. అక్కడ అద్దెకిచ్చే కార్టులకు 270 సీసీ హోండా ఇంజిన్లు ఉన్నాయి. చుట్టూ రక్షణ కోసం బిగించిన బంపర్లతో కలిపి ఒక్కో బండి బరువు 160 కిలోల దరిదాపుల్లో ఉంటుందని మెకానిక్ చెప్పాడు. ఇంజిన్ బలం సుమారు 9 అశ్వశక్తులు, అంటే మన వీధుల్లో తిరిగే స్కూటర్ కన్నా పెద్దగా ఎక్కువేమీ కాదు. 1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ తయారుచేసిన తొలి కార్ట్‌కు గడ్డి కోసే యంత్రం ఇంజిన్ పెట్టారు. ఈనాటి అద్దె కార్టుల్లోని ఇంజిన్లు కూడా నీటి పంపులకూ జనరేటర్లకూ వాడే జాతివే. గేర్లు ఉండవు, వేగం పెరిగేకొద్దీ దానంతట అదే పట్టుకునే క్లచ్ ఒకటి, వెనక ఇరుసుకు ఒక చైను, అంతే. ఇంత తక్కువ బలమున్న యంత్రం మీద మనిషి బరువు ఎంత ప్రభావం చూపుతుందనేది ఊహకు వదిలేయవలసిన విషయం కాదు, లెక్క కట్టదగిన విషయం.

మా దగ్గరి తప్తపాణి ఘాటీ కొండదారి మీదికి స్కూటర్ నడిపినవారికి ఈ లెక్క చెప్పనక్కర్లేదు. ఒంటరిగా ఎక్కినప్పుడు హాయిగా సాగిన బండి, వెనక బావ కూర్చున్నాక అదే మలుపులో గొంతు మార్చి మూలుగుతుంది. మలుపు దగ్గర వేగం తగ్గించాక మళ్లీ పుంజుకోవడానికి పట్టే సమయంలోనే తేడా తెలుస్తుంది. కార్ట్ ట్రాక్ చదునుగా ఉన్నా, ప్రతి నెమ్మది మలుపు తరువాత ఎదురయ్యేది ఇదే పరిస్థితి. మా మేనల్లుడు హెల్మెట్‌తో సహా 59 కిలోలు, నేను 89. బండితో కలిపితే వాడిది 219, నాది 249. అంటే ఒకే ఇంజిన్ నా విషయంలో దాదాపు 14 శాతం ఎక్కువ బరువును లాగవలసి ఉంటుంది. గాలినీ రాపిడినీ అధిగమించాక వేగం పెంచడానికి చక్రాల దగ్గర 4 కిలోవాట్ల శక్తి మిగులుతుందని అనుకుని, గంటకు 30 కిలోమీటర్ల వేగంతో మలుపు నుంచి బయటపడి 55 మీటర్లు సూటిగా పరుగెత్తే రెండు బండ్లకు నేను కాగితం మీద లెక్క వేశాను. తేలికైన బండికి నాలుగున్నర సెకన్లు పట్టింది, బరువైనదానికి దాని మీద పదో వంతు సెకను ఎక్కువ. చివరి వేగం ఒకదానికి 55 కిలోమీటర్లు, రెండోదానికి 53. పదో వంతు సెకను వినడానికి చిన్నదే కానీ, మా ట్రాక్‌లో అలాంటి సూటి దారులు ఐదు ఉన్నాయి.

నిజానికి చాలామంది పొరబడేది ఇక్కడే. బరువైనవాడికి చివరి వేగం తగ్గిపోతుంది కాబట్టి పొడవాటి సూటి దారిలోనే నష్టం జరుగుతుందని వాళ్లు అనుకుంటారు. దారి చాలినంత పొడవుగా ఉంటే రెండు బండ్లూ చివరికి ఇంచుమించు ఒకే వేగానికి చేరతాయి, ఎందుకంటే అక్కడ అడ్డుపడేది ఎక్కువగా గాలీ, ఇంజిన్‌కు విధించిన వేగపరిమితీ. నష్టానికి మూలం మలుపు నుంచి బయటపడి మళ్లీ వేగం పుంజుకునే సమయంలోనే ఉంటుంది. అందువల్ల నెమ్మది మలుపులు ఎక్కువగా ఉండే ఇరుకైన ట్రాక్ బరువైనవారిని ఎక్కువగా శిక్షిస్తుంది, సాగే వంపులున్న ట్రాక్ కొంత కనికరిస్తుంది.

ఇక మలుపు లోపల ఏం జరుగుతుందంటే, బరువు పెరిగితే టైరు మీద ఒత్తిడి పెరిగి పట్టు కూడా పెరుగుతుంది. రెండూ ఒకే పాళ్లలో పెరిగితే మలుపులో ఎవరికీ నష్టముండేది కాదు. రబ్బరు స్వభావం అలాంటిది కాదు. ఒత్తిడి పెరిగినంతగా పట్టు పెరగదు కాబట్టి బరువైన బండి మలుపులో కూడా రవ్వంత నెమ్మదిగా పోవలసి వస్తుంది. కార్ట్‌కు మరో ప్రత్యేకత ఉంది. వెనక రెండు చక్రాలూ ఒకే గట్టి ఇరుసుకు బిగించి ఉంటాయి, కారులో లాగా లోపలి చక్రం వేరుగా, నెమ్మదిగా తిరిగే ఏర్పాటు ఇందులో ఉండదు. కాబట్టి మలుపు తిరిగేటప్పుడు లోపలివైపు వెనక చక్రం నేల మీద నుంచి కాస్త లేవాలి, లేకపోతే బండి మొండికేసి ముందుకే పోతుంది. ఎత్తైన, బరువైన మనిషి కూర్చున్నప్పుడు ఆ చక్రం లేవడం సులువవుతుంది. వాన పడి ట్రాక్ తడిసినప్పుడు ఇంజిన్ బలమంతా ఎలాగూ వాడుకోలేము కనుక అప్పుడు కూడా తేలికైనవారి ఆధిక్యం తగ్గుతుంది. ఈ సర్దుబాట్లన్నీ కలిపినా, ఎండిన ట్రాక్ మీద మలుపు బయట జరిగే నష్టాన్ని పూడ్చలేవు.

కాగితం మీది లెక్క మా మేనల్లుడిని ఒప్పించదని నాకు తెలుసు. వాడిని ఒప్పించాలంటే వాడి శరీరం మారకుండా వాడి బరువు మారాలి. అందుకు కావలసింది సీసం. గోపాల్‌పూర్ తీరంలో తరతరాలుగా తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాలు ఉన్నాయి, ఒడియావారు వారిని నోలియాలంటారు. వలల అంచున కట్టే సీసపు గుండ్లు వాళ్ల దగ్గర ఎప్పుడూ ఉంటాయి. తెలిసిన ఇంట్లో ఒక పెద్దాయన నా మాట విని, "బండికి బరువు తగ్గించుకుంటారు గానీ ఎక్కించుకుంటారా బాబూ?" అని అడిగాడు. తేలికైనవాడికీ బరువైనవాడికీ పోటీ సమానంగా ఉండాలని వివరించగానే ఆయనకు విషయం పూర్తిగా అర్థమైంది. "అయితే రెండు పక్కలా ఒకటే తూకం ఉండేలా కట్టు. ఒక పక్క గుండ్లు తక్కువైతే వల వాలిపోతుంది, నీ బండి కూడా అంతే" అన్నాడు. పాత గుండ్లను ఇనుప గరిటెలో కరిగించి, ఇసుకలో బొటనవేలితో చేసిన గుంటల్లోకి ఆయన పోస్తుంటే, వెండిలా మెరిసిన ద్రవం చూస్తుండగానే బూడిదరంగుకు తిరిగి గడ్డకట్టింది. పొగ తగలకుండా గాలి వచ్చే వైపున నిలబడమనీ, ముట్టుకున్నాక చేతులు కడుక్కోకుండా ఏదీ తినవద్దనీ ఆయన రెండుసార్లు చెప్పాడు, సీసం విషమని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మొత్తం ముప్పై కిలోల బిళ్లలను బరంపురంలో షామియానాలు కుట్టే దర్జీ దగ్గర నాలుగు కాన్వాసు సంచుల్లో పెట్టించి, మూతులు కుట్టించాను. ఒక్కో సంచి ఏడున్నర కిలోలు, చూడటానికి బియ్యం కొలిచే చిన్న డబ్బాకన్నా పెద్దది కాదు. సీసం ఎంచుకోవడంలోని ప్రయోజనం అదే, తక్కువ చోటులో ఒదిగి సీటు పక్కన కిందికి ఉంటుంది, డ్రైవర్ కూర్చునే తీరు మార్చదు.

తూకం వేసింది మా చిన్నాన్నగారి గోదాములో. అప్పడాల వ్యాపారం కోసం మినప్పప్పు బస్తాలు తూచే ఎలక్ట్రానిక్ కాటా మీద మా మేనల్లుడు హెల్మెట్, బూట్లు, చేతి తొడుగులతో సహా నిలబడ్డాడు. ఇంట్లో బాత్రూం తూకానికీ, దీనికీ రెండు కిలోల తేడా వచ్చింది. బరువు గురించి వాదించుకునేవారందరూ ముందు చేయవలసిన పని ఒకే కాటా మీద, పూర్తి సామగ్రితో తూచుకోవడమేనని నాకు అప్పుడే తోచింది.

అసలు కష్టం ప్రయోగాన్ని సరిగ్గా నడపడంలో ఉంది. అద్దె కార్టులు పైకి ఒకేలా కనిపించినా లోపల ఒకేలా ఉండవు. ఒకదాని క్లచ్ అరిగి ఉంటుంది, మరొకదాని చైను బిగుతుగా ఉంటుంది, ఇంకొకదాని టైర్లు కొత్తవి. ఒకే మనిషి ఒకే ఉదయం రెండు బండ్లు మార్చి నడిపితే అర సెకను తేడా వచ్చిన రోజులు నేను చూశాను. అంటే ముప్పై కిలోల బరువు చూపించగల ప్రభావమంతా బండి ఎంపికలోనే కొట్టుకుపోవచ్చు. ఒక్కసారి నడిపి, సన్నని స్నేహితుడి సమయంతో పోల్చుకుని, తేడా అంతా బరువుదేనని తేల్చేయడం ఎంత తప్పో దీన్నిబట్టి తెలుస్తుంది. దీనికి తోడు ట్రాక్ కూడా పొద్దెక్కేకొద్దీ మారుతుంది. ఉదయం దుమ్ముతో జారే తారు, నలుగురు తిరిగాక రబ్బరు పూసుకుని పట్టు ఇస్తుంది, మధ్యాహ్నపు ఎండకు ఇంజిన్ అలసిపోతుంది. వీటన్నిటినీ అదుపులో పెట్టడానికి మేము ఒకే నంబరు బండిని రోజంతా అడిగి తీసుకున్నాము. మా మేనల్లుడు మొదట ఖాళీగా, తరువాత 15 కిలోలతో, తరువాత 30 కిలోలతో, మళ్లీ 30తో, మళ్లీ 15తో, చివరికి మళ్లీ ఖాళీగా నడిపాడు. ఇలా ముందుకు వెళ్లి అదే వరుసలో వెనక్కి రావడం వల్ల, ట్రాక్ మెరుగుపడితే ఆ మెరుగు మూడు బరువులకూ సమానంగా పంచుకోబడుతుంది. ప్రతిసారీ మొదటి మూడు ల్యాపులు టైర్లు వేడెక్కడానికి వదిలేసి, మిగిలినవాటిలో నడిమి విలువను తీసుకున్నాను. ఒక్క అద్భుతమైన ల్యాపును కొలమానంగా పెట్టుకుంటే అదృష్టాన్ని కొలిచినట్టే అవుతుంది.

సంచులను సీటుకు ఇరువైపులా దాని ఊచలకు బిగించడానికి మెకానిక్ ఒప్పుకున్నాడు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరికైనా కటువుగానే చెబుతాను. అడగకుండా, బిగించకుండా, బరువును కాళ్ల దగ్గర గాని ఒడిలో గాని పెట్టుకుని నడపకూడదు. జారిన సంచి బ్రేక్ పెడల్ కిందికి వెళ్తే ఏమవుతుందో ఆలోచిస్తేనే ఒళ్లు జలదరిస్తుంది. సంచులతో నడిపిన మొదటి విడతలో ఎడమవైపు పట్టీ రవ్వంత వదులైనట్టు కనిపించగానే జెండా ఊపించి బండిని ఆపించాను.

ఫలితాలు ఇవి. ఖాళీగా నడిపినప్పుడు వాడి నడిమి ల్యాపు 33.9 సెకన్లు. 15 కిలోలతో 34.1, 30 కిలోలతో 34.4. రెండు వైపుల నుంచీ వచ్చిన అంకెలు చక్కగా సరిపోయాయి, చివరి ఖాళీ విడత మొదటిదానికన్నా పదో వంతు సెకను మాత్రమే మెరుగు. కాగితం మీద నాకు వచ్చిన అర సెకను తారు మీద కూడా అర సెకనుగానే కనిపించింది. ఇరవై ల్యాపుల పోటీలో ఇది పది సెకన్లు, అంటే ట్రాక్‌లో మూడో వంతుకు దగ్గరగా ఉండే దూరం. ఆ మాటకొస్తే బరువు ఒక సాకు మాత్రమేనని కొట్టిపారేసేవారు ఈ పది సెకన్లకు సమాధానం చెప్పాలి.

అయితే అదే బండిలో, అదే రోజు, నా నడిమి ల్యాపు 34.7 సెకన్లు. 30 కిలోల సీసంతో మా మేనల్లుడు నాతో సమానమైన బరువు మోస్తూ 34.4 చేశాడు. మా ఇద్దరి మధ్య ఎప్పుడూ కనిపించే 0.8 సెకన్ల తేడాలో 0.5 నా బరువుది, మిగిలిన 0.3 నా చేతులదీ కాళ్లదీ. ఇన్నాళ్లూ ఆ మొత్తాన్నీ నేను బరువు ఖాతాలోనే రాసుకున్నాను. అలాగే, నాలుగు కిలోలు తగ్గితే బోర్డు మీద పైకి పోతానన్న మా మేనల్లుడి ఆశకు కూడా ఈ అంకెలే జవాబు. నాలుగు కిలోలకు వచ్చేది సెకనులో పదిహేనో వంతు. వాడికీ మొదటి పేరుకీ మధ్య ఉన్నది ముప్పావు సెకను. వాడు మానేసిన అన్నానికి ఆ తేడాలో పదో వంతు కూడా దక్కదు, పైగా ఖాళీ కడుపుతో పదిహేను ల్యాపులు దాటాక చేతులు వణికి పోగొట్టుకునేది అంతకన్నా ఎక్కువ. ఆ కాగితాన్ని వాడు చాలాసేపు చూశాడు. తిరుగు ప్రయాణంలో పలాసలో మేము ఆగినప్పుడు వాడు అడగకుండానే రెండో దోసె తెప్పించుకున్నాడు.

ఈ ఆకలి సంగతి పిల్లల అమాయకత్వంగా మాత్రమే చూడలేము. 2014లో ఫార్ములా వన్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్, బరువు తగ్గే ప్రయత్నంలో నీరసించి, ఆస్ట్రేలియా, మలేషియా రేసుల మధ్య ఆసుపత్రిలో చేరవలసి వచ్చిందని స్వయంగా చెప్పాడు. 2019 నుంచి ఆ పోటీల్లో డ్రైవర్ బరువును సీటుతో కలిపి కారు నుంచి విడిగా లెక్కించి, అది 80 కిలోలకు తగ్గితే ఆ లోటును సీటు దగ్గరే సీసం లాంటి బరువుతో పూరించాలని నియమం పెట్టారు. 2025లో దాన్ని 82కు పెంచారు. సీటు దగ్గరే అన్నది ఇందులో ముఖ్యమైన మాట, లేకపోతే సన్నని డ్రైవరున్న జట్టు ఆ బరువును తనకు అనుకూలమైన చోట పెట్టుకుని మళ్లీ లాభపడుతుంది. 2005లో అమెరికాలోని ఇండియానాపొలిస్ 500 కార్ల రేసులో సుమారు 45 కిలోల డానికా ప్యాట్రిక్ నాలుగో స్థానంలో నిలిచింది; ఆ రేసుకు ముందే, ఆమె తేలికదనం అన్యాయమైన లాభమని రేసర్ రాబీ గోర్డన్ బహిరంగంగా అభ్యంతరం చెప్పాడు. ఆ అభ్యంతరాన్ని ఆమె మీద గురిపెట్టడం నాకు నచ్చదు, తప్పు ఉన్నది డ్రైవర్ బరువును లెక్కించని నియమావళిలో. మోటార్‌సైకిళ్ల మోటో3 పోటీల్లో బండినీ నడిపేవాడినీ కలిపి 152 కిలోల కనీస బరువు ఉండాలి. ఇంకా వెనక్కి వెళ్తే, మలక్‌పేట గుర్రప్పందేలు చూసినవారికి జాకీలను జీనుతో సహా తూచడమూ, తక్కువైన బరువుకు సీసపు పలకలు పెట్టడమూ కొత్త కాదు. ఎక్కడ బలం పరిమితమో అక్కడ మనిషి బరువును కొలిచి సరిచేయడం వందల ఏళ్లుగా ఉన్న మర్యాద.

మేము వెళ్లే ట్రాక్‌లో ఈ మర్యాద ఇంకా లేదు. వారాంతపు పోటీలకు ఒక కాటా పెట్టమనీ, 85 కిలోల కన్నా తక్కువున్నవారికి బరువు కట్టమనీ నేను నిర్వాహకులను రెండుసార్లు అడిగాను. సమయం పడుతుందని, వచ్చేవాళ్లకు నచ్చదని చెప్పారు. అద్దెకు వచ్చేవారిలో ఎక్కువమంది సరదా కోసం వస్తారన్నది నిజమే. అయినా బహుమతి పెట్టి, పేర్లు తెర మీద వేసి, పదహారేళ్ల పిల్లలను ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పినప్పుడు అది సరదా దాటిపోయిందని వాళ్లు గుర్తించాలి. అందాకా మా బరంపురం నుంచి వెళ్లే ఆరుగురం మాలో మేమే ఒక ఒప్పందం చేసుకున్నాము. ప్రతి ఒక్కరినీ గోదాము కాటా మీద తూచి 85 కిలోలకు సరిచేస్తాము, ప్రతి విడతకూ బండ్లు మార్చుకుంటాము, ఆరుగురి సమయాలూ అన్ని బండ్ల మీదా కూడి చూసుకుంటాము. నేను ఆ గీతకు నాలుగు కిలోలు పైనే ఉన్నాను, ఆ నాలుగింటిని నేను భరించడం న్యాయమే అనిపిస్తుంది. గీతను 89 దగ్గర పెడితే 59 కిలోల కుర్రాడి సీటుకు ముప్పై కిలోల సీసం కట్టాలి, ఢీకొన్నప్పుడు ఆ సీటూ బిగింపులూ తట్టుకోవలసిన బరువు కూడా అంతే పెరుగుతుంది.

బరువు మార్చుకోలేని రోజున బరువైనవాడు చేయగలిగిన పని ఒకటే ఉంది, వేగాన్ని పోగొట్టుకోకుండా ఉండటం. పోగొట్టుకున్న ప్రతి కిలోమీటరు వేగాన్నీ తిరిగి సంపాదించడానికి అతడి ఇంజిన్ ఎక్కువ సమయం తీసుకుంటుంది. అందుచేత వెనక చక్రాలు జారేలా బండిని విసరడం, చివరి క్షణంలో గట్టిగా బ్రేక్ తొక్కడం అతడికి ఇతరులకన్నా ఎక్కువ నష్టం. స్టీరింగ్‌ను ఒక్కసారే, నెమ్మదిగా, కావలసినంతే తిప్పి, మలుపు నడుమ వేగాన్ని నిలబెట్టి, బండి దారికి వచ్చిందనగానే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాలి. నా రికార్డింగులు చూసుకుంటే ఆ 0.3 సెకన్లలో ఎక్కువ భాగం మూడో మలుపు దగ్గరే పోతోంది. అక్కడ నేను రెండుసార్లు స్టీరింగ్ సరిదిద్దుతున్నాను, మా మేనల్లుడు ఒక్కసారి కూడా సరిదిద్దడం లేదు. వచ్చే నెల వాడు నా ముందు నడుస్తూ ఆ మలుపును నెమ్మదిగా మూడుసార్లు చూపిస్తానని మాట ఇచ్చాడు, సీటు పక్కన తన వంతు సీసంతోనే.